పళ్ళొచ్చే పాపకు చల్లని ముద్ద

పాప బోర్లా పడితే బొబ్బట్లు వండుతారు. అడుగులు వేస్తే అరిసెలు పంచుతారు. కోనసీమలో చాలా ఇళ్ళలో ఇవి ముచ్చటైన వేడుకలు. మరి పన్ను మొలిస్తే?

అప్పుడు వేడుక కన్నా ముందు ఏడుపు వస్తుంది. పాప రాత్రి సరిగా నిద్రపోదు. చొంగ కారుస్తుంది. చేతికి దొరికిందల్లా నోట్లో పెట్టి కొరుకుతుంది. పాలు తాగుతూ రొమ్ము కూడా కొరుకుతుంది. తల్లికీ నిద్ర ఉండదు. తెల్లవారితే కొబ్బరి పీచు పనికో, వరి కోతకో, రొయ్యల షెడ్డుకో వెళ్ళాలి.

ఈ బాధకు మందుల షాపుకు పరుగెత్తనక్కర్లేదు. తల్లిపాలు, అరటిపండు, శుభ్రమైన గుడ్డ, కాస్త చల్లదనం ఉంటే చాలు. ఆ చల్లని ముద్ద ఎలా చెయ్యాలో ఈ పాఠంలో తెలుసుకోవచ్చు. దానితోపాటు ఇంకో ముఖ్యమైన సంగతి కూడా ఉంది. ఏ బాధ పంటి వల్ల వస్తుంది? ఏ బాధ జబ్బు వల్ల వస్తుంది? ఈ తేడా తెలియక బిడ్డల ప్రాణాల మీదికి వచ్చిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

పన్ను ఎలా వస్తుంది?

పన్ను ఒక్క రాత్రిలో పుట్టేది కాదు. బిడ్డ కడుపులో పడిన రెండో నెలలోనే పాలపళ్ళకు మొలకలు పడతాయి. పుట్టేనాటికి అవి చిగుళ్ళ లోపల దాగి ఉంటాయి. నారుమడిలో విత్తనం మట్టి కింద ఉన్నట్టే ఇదీను. సమయం వచ్చాక మొలక మట్టిని తోసుకుని పైకి వస్తుంది. పన్ను కూడా చిగురును తోసుకుని పైకి వస్తుంది. అప్పుడు చిగురు వాస్తుంది. ఎర్రబడుతుంది. దురద పెడుతుంది. సలుపుతుంది.

చాలామంది పిల్లలకు ఆరో నెల ప్రాంతంలో మొదటి పన్ను కనిపిస్తుంది. కొందరికి నాలుగో నెలలోనే వస్తుంది. కొందరికి ఏడాది దగ్గర పడ్డాక వస్తుంది. అన్నీ మామూలే. ఏడాదిన్నర దాటినా ఒక్క పన్ను కూడా రాకపోతే డాక్టరుకు చూపించాలి.

సాధారణంగా కింది చిగురు మీద ముందు రెండు పళ్ళు వస్తాయి. తర్వాత పై చిగురుకు రెండు వస్తాయి. మూడేళ్ళు నిండేసరికి మొత్తం 20 పాలపళ్ళు వచ్చేస్తాయి.

కొందరు పిల్లలకు పై పళ్ళు ముందు వస్తాయి. "మేనమామకు గండం" అని ఇంట్లో పెద్దవాళ్ళు భయపడతారు. పాప నోట్లో పన్నుకీ మేనమామ ఆయుష్షుకీ ఏ సంబంధం లేదు. పై పన్ను ముందు వచ్చినా, కింది పన్ను ముందు వచ్చినా సంతోషించాల్సిందే.

పన్ను వస్తున్నట్టు గుర్తులు ఏమిటి?

పాప చొంగ ఎక్కువగా కారుస్తుంది. గడ్డం కింద తడికి చర్మం కందుతుంది. పిడికిలి నోట్లో కుక్కుకుంటుంది. చెవి లాక్కుంటుంది. చిరాకు పడుతుంది. అన్నం ముద్ద పెడితే తల తిప్పేస్తుంది. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉండవచ్చు.

అమెరికాలో డాక్టర్లు 125 మంది పిల్లల విషయంలో దీన్ని పరిశీలించారు. ఆ పిల్లల తల్లిదండ్రులు ప్రతిరోజూ గమనించి రాసి పెట్టారు. ఆ వివరాలు 2000 సంవత్సరంలో అచ్చయ్యాయి. ఒక్కో పన్ను బాధ సుమారు 8 రోజులు ఉంటుందని తేలింది. పన్ను పైకి రావడానికి ముందు 4 రోజులు, వచ్చిన రోజు, తర్వాత 3 రోజులు. పైన చెప్పిన గుర్తులన్నీ ఆ రోజుల్లో కనిపించాయి. కానీ విరేచనాలు, దగ్గు, ఎక్కువ జ్వరం మాత్రం పళ్ళతోపాటు వచ్చినట్టు కనిపించలేదు. ఈ మాట బాగా గుర్తు పెట్టుకోవాలి. చివర్లో దీనితో పని పడుతుంది.

చల్లదనం ఎలా పని చేస్తుంది?

కాలు బెణికితే చల్లటి తడిగుడ్డ వేస్తారు. వాపు తగ్గుతుంది. నొప్పి తగ్గుతుంది. చిగురు విషయంలో కూడా అంతే. చల్లదనం తగిలితే అక్కడి సన్నటి రక్తనాళాలు ముడుచుకుంటాయి. వాపు కాస్త దిగుతుంది. నొప్పి తెలిసే నరం కాసేపు మొద్దుబారుతుంది. పాప ఊరట పడుతుంది.

అయితే చల్లదనం వేరు, గడ్డకట్టిన మంచు వేరు. రాయిలాంటి ఐసుగడ్డ లేత చిగురుకు తగిలితే చర్మం దెబ్బతింటుంది. అందుకే ఏదీ గట్టి గడ్డగా నోట్లో పెట్టకూడదు. గీకి, మెత్తగా చేసి పెట్టాలి.

ఆరు నెలలు నిండకముందు ఏం చెయ్యాలి?

ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప ఏమీ పట్టకూడదు. మంచినీళ్ళు కూడా వద్దు. పన్ను వస్తోందని పండు పెట్టకూడదు. మరి చల్లదనం ఎలా?

మొదటిది, తల్లి వేలు. చేతులు సబ్బుతో బాగా కడుక్కోవాలి. గోరు కత్తిరించుకోవాలి. వేలితో చిగురును మెల్లగా రెండు నిమిషాలు రుద్దాలి. పాప ఆ వేలిని గట్టిగా నొక్కుకుంటుంది. ఆ నొక్కుడుకే సగం బాధ తగ్గుతుంది.

రెండోది, తల్లిపాలలో తడిపిన గుడ్డ. మెత్తటి పాత నూలు చీర ముక్క తీసుకోవాలి. దాన్ని నీళ్ళలో మరిగించి ఎండలో ఆరబెట్టాలి. శుభ్రమైన గిన్నెలోకి చేత్తో కొన్ని పాలు పిండాలి. గుడ్డను అందులో తడిపి, మూత ఉన్న డబ్బాలో పెట్టి, ఫ్రిజ్జులో అరగంట ఉంచాలి. ఒక కొన తల్లి చేతిలో ఉంచుకుని, రెండో కొన పాప చేత కొరికించాలి. దారాలు ఊడే గుడ్డ వాడకూడదు.

మూడోది, చల్లటి చెంచా. మరిగించిన స్టీలు చెంచాను ఫ్రిజ్జులో పావుగంట ఉంచాలి. దాని వెనక వైపుతో చిగురును మెల్లగా ఒత్తాలి. చెంచాను ఐసు గడ్డకట్టే అరలో మాత్రం పెట్టకూడదు. అంత చల్లటి ఇనుము తడి నాలుకకు అంటుకుపోతుంది.

ఆరు నెలలు నిండాక ఏం చెయ్యాలి?

అన్నప్రాశన అయ్యాక పాప మెత్తటి ముద్దలు తింటుంది. అప్పుడు చల్లని ముద్దలు చేసి పెట్టవచ్చు. అది కూడా కూర్చోబెట్టి, తల్లి దగ్గరుండి పెట్టాలి. కొత్త పదార్థం ఏదైనా ఒకటి మొదలుపెడితే మూడు రోజులు ఆగాలి. దద్దుర్లు, వాంతులు లేకపోతేనే ఇంకో కొత్తది పెట్టాలి.

*అరటిపండు ముద్ద*

అరటిపండుకు కోనసీమలో కొరత లేదు. రావులపాలెం మార్కెట్టుకు గెలలు గెలలుగా వస్తుంది. బాగా పండిన చక్కెరకేళి సగం పండు తీసుకోవాలి. మరిగించిన గిన్నెలో వేసి, ఉండలు లేకుండా మెదపాలి. రెండు మూడు చెంచాల తల్లిపాలు కలపాలి. చిన్న స్టీలు గిన్నెలో పలచగా పరిచి, మూత పెట్టి, ఫ్రిజ్జులో ఐసు గడ్డకట్టే అరలో రెండు గంటలు ఉంచాలి.

బయటికి తీశాక పది నిమిషాలు ఆగాలి. చెంచాతో పై నుంచి గీకాలి. కొబ్బరి కోరులాగా పొడిపొడిగా వస్తుంది. ముందు తల్లి తన పెదవికి తాకించి చూసుకోవాలి. చురుక్కుమంటే ఇంకాసేపు ఆగాలి. పెదవికి తాకించిన చెంచా పక్కన పెట్టి, వేరే చెంచాతో పాపకు పెట్టాలి. అర చెంచా చొప్పున పెట్టాలి. ఒకసారికి మూడు నాలుగు చెంచాలు చాలు.

*తల్లిపాల ఐసు*

శుభ్రమైన చిన్న గిన్నెలోకి నాలుగైదు చెంచాల పాలు పిండాలి. మూత పెట్టి వెంటనే ఐసు అరలో ఉంచాలి. గడ్డకట్టాక చెంచాతో గీకి, నోట్లో కరిగిపోయేంత మెత్తగా చేసి పెట్టాలి. పనికి వెళ్ళే తల్లులు పాలు పిండి ఉంచితే, ఇంట్లో అమ్మమ్మో నానమ్మో పెట్టవచ్చు. పొద్దున చేసింది సాయంత్రంలోగా వాడెయ్యాలి. మిగిలింది పారబొయ్యాలి.

*పెరుగు, బొప్పాయి ముద్ద*

ఇంట్లో కాచి తోడుపెట్టిన తియ్యటి పెరుగు రెండు చెంచాలు తీసుకోవాలి. బాగా పండిన బొప్పాయి గుజ్జు రెండు చెంచాలు కలపాలి. గింజ, తొక్క, పీచు ఉండకూడదు. దీన్ని గడ్డ కట్టించనక్కర్లేదు. ఫ్రిజ్జులో గంటసేపు ఉంచితే చాలు. మామిడికాయల రోజుల్లో బొప్పాయికి బదులు మామిడిపండు రసం వడకట్టి కలపవచ్చు.

*లేత కొబ్బరి ముద్ద*

బొండాం నీళ్ళు తాగాక లోపల జారుగా ఉండే లేత కొబ్బరి ఉంటుంది. గరిటెతో గీస్తే మీగడలాగా రావాలి. ముదిరిన కొబ్బరి పనికిరాదు. లేత కొబ్బరిని రోట్లోనో మిక్సీలోనో మెత్తగా రుబ్బాలి. చల్లబరిచి రెండు చెంచాలు పెట్టాలి. కొట్టిన బొండాం అప్పటికప్పుడే వాడాలి. కొట్టి వదిలేస్తే ఎండలో తొందరగా పాడవుతుంది.

వీటిలో దేనిలోనూ పంచదార, బెల్లం, ఉప్పు కలపకూడదు. ఏడాది లోపు పిల్లలకు అవి అక్కర్లేదు. పండులో ఉన్న తీపి చాలు. తేనె అసలే వద్దు. తేనెలో ఒక రకం క్రిమి ఉండవచ్చు. పెద్దవాళ్ళ కడుపు దాన్ని తట్టుకుంటుంది. ఏడాది లోపు బిడ్డ కడుపు తట్టుకోలేదు. అది విషంగా మారి నరాలను చచ్చుబరుస్తుంది.

ఫ్రిజ్జు లేని ఇంట్లో ఎలా?

ఫ్రిజ్జు లేకపోయినా పాపకు చల్లదనం దొరుకుతుంది. మట్టికుండ ఉంది కదా! కుండ లోపలి నీరు సన్నగా బయటికి చెమ్మగిల్లుతుంది. ఆ చెమ్మ గాలికి ఆరిపోతూ కుండలోని వేడిని లాగేసుకుంటుంది. అందుకే కుండనీళ్ళు చల్లగా ఉంటాయి.

తాగే కుండ కాకుండా ఇంకో మట్టిపాత్ర తీసుకోవాలి. దానిలో సగం నీళ్ళు పోసి, చుట్టూ తడి గోనె చుట్టాలి. నీడలో, గాలి తగిలేచోట పెట్టాలి. తడిగుడ్డనూ, చెంచానూ బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి ఆ నీళ్ళలో ఉంచాలి. రెండు మూడు గంటల్లో చల్లబడతాయి. ఐసంత చల్లగా ఉండవు. చిగురుకు ఆ చల్లదనమే సరిపోతుంది. పండు గుజ్జు, పాలు మాత్రం ఇలా దాచకూడదు. అప్పటికప్పుడు చేసి అప్పటికప్పుడే పెట్టాలి.

బయటి ఐసు ఎందుకు వద్దు?

వీధిలోకి పుల్లఐసు బండి వస్తుంది. ఐదో పదో పెడితే పని అయిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ ఆ ఐసు ఏ నీళ్ళతో చేశారో తెలియదు. అందులో రంగు ఉంటుంది, పంచదార ఉంటుంది. చంటిపిల్లకు పెట్టకూడదు.

చేపలకూ రొయ్యలకూ వాడే పెద్ద ఐసుగడ్డ ఇంకా ప్రమాదం. అది చేప చెడిపోకుండా చేసిన ఐసు. మనుషులు తినడానికి చేసింది కాదు. దాని ముక్క కడిగి పెట్టినా ప్రమాదమే. అవసరమైతే ఆ ఐసును డబ్బా బయట చుట్టూ పేర్చి, లోపలి చెంచాను చల్లబరచుకోవచ్చు. పాప నోట్లోకి మాత్రం ఒక్క చుక్క వెళ్ళకూడదు.

చాలామంది "ఐసు చేస్తే క్రిములు చచ్చిపోతాయి కదా" అనుకుంటారు. అది పొరపాటు. వేడికి క్రిములు చస్తాయి. చలికి చాలా క్రిములు నిద్రపోతాయి. ఐసు కరిగితే మళ్ళీ లేస్తాయి. కాలువ నీళ్ళయినా, పంపు నీళ్ళయినా కళపెళ కాగాలి. చల్లారాకే వాడాలి. లంక ఊళ్ళలో వరద వచ్చిన రోజుల్లో ఇది మరీ ముఖ్యం. గిన్నె, చెంచా, గుడ్డ కూడా మరిగించాలి. కరెంటు పోయి ఐసు కరిగితే దాన్ని మళ్ళీ గడ్డ కట్టించకూడదు. పారబొయ్యాలి.

గొంతులో అడ్డుపడకుండా

కొందరు క్యారెట్టు ముక్క, దోసకాయ ముక్క చల్లబరిచి పాప చేతికి ఇస్తారు. చిగురుతో కూడా పాప చిన్న ముక్క కొరకగలదు. ఆ ముక్క గొంతుకు అడ్డం పడుతుంది. తాటిముంజ మెత్తగా ఉంటుంది, చల్లగా ఉంటుంది. కానీ అది జారిపోయి ఊపిరికి అడ్డం పడుతుంది. కాబట్టి ముంజ ముక్క కూడా చంటిపిల్ల చేతికి ఇవ్వకూడదు. పాప పడుకుని ఉన్నప్పుడు ఏమీ పెట్టకూడదు.

ఒకవేళ అడ్డుపడి పాప ఊపిరాడక తల్లడిల్లితే వెంటనే ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టాలి. తల కిందికి ఉండాలి. చెయ్యి దవడను పట్టుకుని ఉండాలి. రెండో అరచేతి మడమతో రెండు భుజాల మధ్య ఐదుసార్లు గట్టిగా తట్టాలి. కంటికి కనబడని దాని కోసం నోట్లో వేలు పెట్టి కెలకకూడదు. ఇంకొకరు 108 కు ఫోను చెయ్యాలి.

ఏవి రాయకూడదు? ఏవి పట్టకూడదు?

పూర్వం ఇంగ్లండులో పళ్ళొచ్చే పిల్లలకు ఒక పొడి ఇచ్చేవారు. షాపుల్లో అమ్మేవారు. అందులో పాదరసం ఉండేది. పిల్లల చేతులూ కాళ్ళూ గులాబీ రంగుకు తిరిగి, మంటలు పుట్టి, కొందరు చనిపోయేవారు. చాలా ఏళ్ళు ఎవరికీ కారణం తెలియలేదు. చివరికి పొడిలోని పాదరసమే కారణమని తేలింది. 1954 లో ఆ పొడిలోంచి పాదరసం తీసేశారు. ఆ తర్వాత ఆ జబ్బు దాదాపు మాయమైంది.

2008 లో ఆఫ్రికాలోని నైజీరియాలో మళ్ళీ అలాంటి ఘోరం జరిగింది. పళ్ళొచ్చే పిల్లలకు పట్టే సిరప్పులో ఒక విషపు రసాయనం కలిసింది. పిల్లల మూత్రపిండాలు పాడైపోయాయి. 84 మంది పిల్లలు చనిపోయారు. వాళ్ళకు వచ్చిన బాధ ఎంత? ఎనిమిది రోజుల్లో తగ్గిపోయే బాధ. దానికి పట్టిన మందు ప్రాణం తీసింది.

మందుల షాపులో చిగుళ్ళకు రాసే జెల్లు దొరుకుతుంది. దానితో చిగురు మొద్దుబారుతుంది. కానీ చొంగతోపాటు అది గొంతులోకి దిగుతుంది. గొంతు కూడా మొద్దుబారితే పాపకు మింగడం కష్టమవుతుంది. కొన్ని జెల్లుల వల్ల రక్తం ప్రాణవాయువును మొయ్యలేకపోతుంది. అందుకే రెండేళ్ళ లోపు పిల్లలకు అలాంటివి వాడవద్దని 2018 లో అమెరికా మందుల శాఖ హెచ్చరించింది. డాక్టరు చెప్పకుండా ఏ జెల్లూ రాయకూడదు.

ఇంట్లో పెద్దవాళ్ళు ప్రేమతోనే వస కొమ్ము అరగదీసి నాకిస్తారు. కొందరు సారా చుక్కో బ్రాందీ చుక్కో చిగురుకు రాస్తారు. ఇవి చంటిపిల్లలకు మంచివి కావు. మెడలో పూసలదండ వేసినా పళ్ళు సులువుగా రావు. పూస ఊడి గొంతులో పడవచ్చు. దారం మెడకు బిగుసుకోవచ్చు.

అన్నీ పళ్ళ మీదకు నెట్టకూడదు

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. కోనసీమలో ఏ ఊళ్ళోనైనా ఇలాంటి మాటలు వినిపిస్తాయి.

"అత్తయ్యగారూ, పిల్లోడికి పొద్దుట్నుంచి నాలుగు విరేచనాలు అయ్యాయండి."

"పళ్ళొస్తున్నాయి కదే అమ్మాయ్! అదే తగ్గుద్దిలే."

అత్తయ్య చెడ్డది కాదు. ఆమెకు ఆమె అత్తగారు అలాగే చెప్పింది. నాలుగు వందల ఏళ్ళ కిందట లండన్ నగరంలో చనిపోయినవాళ్ళ లెక్కలు రాసేవారు. ఆ లెక్కల్లో ఎంతోమంది చంటిపిల్లల చావుకు కారణం "పళ్ళు" అని రాసేవారు. నిజానికి ఆ పిల్లలు పళ్ళ వల్ల చనిపోలేదు. విరేచనాలు, జ్వరాలు వంటి జబ్బులతో చనిపోయారు. పళ్ళ మీద నింద వేసి అసలు జబ్బును వదిలేశారు.

మరి పళ్ళు వచ్చే రోజుల్లోనే విరేచనాలు ఎందుకు వస్తాయి? దానికి కారణాలు ఉన్నాయి. ఆరు నెలల వయసులో పాప పాకడం మొదలుపెడుతుంది. నేల మీద ఉన్నదల్లా నోట్లో పెట్టుకుంటుంది. అప్పుడే బయటి తిండి మొదలవుతుంది. గిన్నె, చెయ్యి, నీళ్ళు శుభ్రంగా లేకపోతే క్రిములు కడుపులోకి పోతాయి. పుట్టేటప్పుడు తల్లి నుంచి వచ్చిన రక్షణ కూడా అప్పటికి తగ్గిపోతూ ఉంటుంది. పన్ను, విరేచనం ఒకే ఇంటికి ఒకేసారి వచ్చిన ఇద్దరు చుట్టాల్లాంటివి. ఒకరు ఇంకొకరిని తీసుకురాలేదు.

విరేచనాలు అయితే ఒంట్లో నీరు పోతుంది, లవణాలు పోతాయి. చంటిపిల్ల ఒంట్లో ఉండే నీరే కొంచెం. ఒక్క రోజులో ప్రాణం మీదికి రావచ్చు. అందుకే మొదటి విరేచనం నుంచే ఓ.ఆర్.ఎస్. నీళ్ళు మొదలుపెట్టాలి. ఆశా కార్యకర్త దగ్గర, అంగన్‌వాడీలో, సబ్ సెంటరులో ఆ పొట్లాలు ఉచితంగా ఇస్తారు.

పెద్ద పొట్లం ఒకటి ఒక లీటరు నీళ్ళలో కలపాలి. కాచి చల్లార్చిన నీళ్ళే కలపాలి. ప్రతి విరేచనం తర్వాత పావు గ్లాసు నుంచి అర గ్లాసు దాకా చెంచాతో పట్టాలి. వాంతి చేస్తే పది నిమిషాలు ఆగి మళ్ళీ మెల్లగా పట్టాలి. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోసి కొత్తవి కలపాలి. పొట్లం దొరక్కపోతే లీటరు నీళ్ళలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు వెయ్యాలి. చెంచా తలకొట్టి కొలవాలి. ఏడాది లోపు పిల్లలకు పంచదార, ఉప్పు వద్దన్నాం కదా? ఇది తిండి కాదు, మందు. అందుకే ఇక్కడ అవి కావాలి.

తల్లిపాలు ఆపకూడదు. ఏ.ఎన్.ఎం. ఇచ్చే జింకు బిళ్ళలు 14 రోజులు పూర్తిగా వాడాలి. విరేచనాలు తగ్గినా మధ్యలో మానెయ్యకూడదు.

ఇంకో జాగ్రత్త. షాపుల్లో పెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఓ.ఆర్.ఎస్. కావు. వాటిలో పంచదార ఎక్కువ. విరేచనాలు ఇంకా పెరుగుతాయి. అలాంటి పానీయాల మీద ఓ.ఆర్.ఎస్. అనే పేరు వెయ్యకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. హైదరాబాదులోని పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దానికోసం ఏళ్ళ తరబడి పోరాడారు.

ఎప్పుడు ఆసుపత్రికి వెళ్ళాలి?

ఈ గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా పళ్ళని సరిపెట్టుకోకుండా వెంటనే తీసుకెళ్ళాలి.

- జ్వరం 100.4 డిగ్రీలు గానీ, అంతకు మించి గానీ ఉంటే.
- కళ్ళు లోతుకు పోతే. నడినెత్తి మాడు గుంట పడితే.
- నోరు ఎండిపోతే. ఏడ్చినా కన్నీళ్ళు రాకపోతే.
- ఆరు గంటలు మూత్రం పొయ్యకపోతే.
- పొట్ట మీద చర్మం వేళ్ళతో పట్టి వదిలితే మెల్లగా వెనక్కి వెళితే.
- విరేచనంలో రక్తం పడితే.
- పాలు తాగలేకపోతే. తాగినదంతా కక్కేస్తే.
- పిలిచినా పలక్కుండా మగతగా పడి ఉంటే. ఫిట్స్ వస్తే.

చల్లదనంతో ఊరట పడితే అది పంటి బాధ కావచ్చు. చల్లదనం పెట్టినా పాప అలాగే ఏడుస్తూ ఉంటే వేరే కారణం వెతకాలి. చెవిపోటు కావచ్చు. నోటిపూత కావచ్చు. డాక్టరుకు చూపించాలి.

మొదటి పన్ను వచ్చాక

పాలపన్నే కదా, ఎలాగూ ఊడిపోతుంది అని వదిలెయ్యకూడదు. పుచ్చిన పాలపన్ను నొప్పి పెడుతుంది. పాప అన్నం తినదు. బరువు పెరగదు. పన్ను కనిపించిన రోజు నుంచే రోజుకు రెండుసార్లు శుభ్రమైన తడిగుడ్డతో తుడవాలి. పంచదార నీళ్ళ సీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చకూడదు.

ఇక ముచ్చట మాట. బోర్లా పడితే బొబ్బట్లు వండినట్టే పన్ను వచ్చినా వేడుక చేసుకోవచ్చు. ఇంటిల్లిపాదీ చక్కెరకేళి తినవచ్చు. అందులో సగం పండు మెదిపి, చల్లబరిచి, పాపకు నాలుగు చెంచాలు పెట్టవచ్చు.

చదివారు కదా! ఇప్పుడు చెప్పండి

1. ఐదో నెల పాపకు పన్ను వస్తోంది. అరటిపండు ముద్ద పెట్టవచ్చా? ఎందుకు?
2. ఐసు చేస్తే క్రిములు చస్తాయా?
3. మీ ఇంట్లో ఫ్రిజ్జు లేదు. చెంచాను ఎలా చల్లబరుస్తారు?
4. పళ్ళొచ్చే పాపకు విరేచనాలు అవుతున్నాయి. "పళ్ళే కారణం" అని పక్కింటి పిన్నిగారు అన్నారు. మీరు ఆమెకు ఏమని చెప్తారు? ముందుగా ఏం చేస్తారు?
5. మీ ఊరి ఆశా కార్యకర్త ఇల్లు ఎక్కడ? ఆమె ఫోను నంబరు మీ పుస్తకంలో రాసుకోండి.